సిర్మియోనె నుంచి సియెనా దాకా: ఒక కంచు కంఠం కోసం ఏడు రోజులు

ఒకటో రోజు, మిలాన్

ఆపెరాలు, అంటే కథంతా పాడుతూ నడిపే నాటకాలు, ఆడే థియేటర్ లా స్కాలా. దాని మ్యూజియంలో ఒక పక్కగా చిన్న తలుపు ఉంది. లోపలికి వెళ్తే బాల్కనీ గది. రిహార్సల్ లేని వేళల్లో అక్కడ నిలబడి హాలంతా చూడనిస్తారు. నేను వెళ్లేసరికి స్టేజీ మీద ఎవరో మేకులు కొడుతున్నారు. ఆ చప్పుడు కింద స్టేజీ దగ్గర పుట్టి, ఎర్ర మఖమల్ కుర్చీల మీదుగా వచ్చి నా చెవి పక్కనే కొట్టినట్టు వినబడింది. 1778లో కట్టిన హాలు. 1943లో బాంబులు పడి పైకప్పు కూలిపోతే మళ్లీ కట్టి 1946లో తెరిచారు. ఇక్కడ మైకు పెట్టరు. డెబ్భై ఎనభై మంది వాద్యకారులు ఒక్కసారిగా వాయిస్తుంటే, వాళ్ల మీదుగా ఒక్క మనిషి గొంతు చివరి వరుస దాకా చేరాలి.

ఆ చివరి వరుసల్ని ఇక్కడ లొజ్జోనె అంటారు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే చవక టికెట్లు. ప్రతి స్వరమూ తెలిసినవాళ్లు అక్కడే కూర్చుంటారు. నచ్చకపోతే నిలబడి కేకలు వేస్తారు. నచ్చితే 'బిస్, బిస్' అని అరుస్తారు, అంటే మళ్లీ పాడమని. మా ఊళ్లో పద్య నాటకాలకి నేల మీద కూర్చున్నవాళ్లు 'వన్స్ మోర్' అని అరిచేవాళ్లు. మా నాన్న కృష్ణుడి వేషం కట్టేవారు. రాగం తీసి పద్యం ముగించగానే ఆ కేక వచ్చేది. నాన్న ఒక క్షణం ఆగి, చిరునవ్వుతో హార్మోనియం వైపు చూసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవారు.

నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి పేరు ఎత్తోరె బస్తియానీని. ఆపెరా గాయకుడు, బారిటోన్. ఆపెరాలో మగవాళ్ల గొంతులు ముఖ్యంగా మూడు రకాలు. పై స్థాయిలో పాడేవాడు టెనర్, ఎక్కువగా కథానాయకుడు. బాగా కింది స్థాయిలో పాడేవాడు బాస్, రాజో మతగురువో అవుతాడు. మధ్యలో ఉన్నది బారిటోన్. తండ్రి, ప్రాణ స్నేహితుడు, అసూయతో కాలిపోయే మొగుడు, పగబట్టిన దొర, ఇవన్నీ అతని వేషాలే. వెర్ది అనే సంగీతకర్త ఈ గొంతుకి అంతకుముందు లేని స్థానం ఇచ్చాడు. పైకి సాగదీశాడు, బరువు పెంచాడు, దుఃఖం నింపాడు.

1955 మే 28న ఈ స్టేజీ మీద వెర్ది 'లా త్రవియాతా' ఆడారు. దర్శకుడు విస్కోంతి, సంగీతం నడిపింది జులీని, నాయిక మరియా కలాస్, నాయకుడు దీ స్తెఫనో. నాయకుడి తండ్రి వేషం బస్తియానీనిది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై రెండు. కొడుకు వేషం కట్టిన దీ స్తెఫనో ఆయనకంటే ఏడాది పైగా పెద్దవాడు. ఆ రాత్రి రికార్డింగ్ నేను ఎన్నోసార్లు విన్నాను. గొంతులో వయసు ఉంటుంది, పెద్దరికం ఉంటుంది, కొడుకు కోసం వచ్చిన తండ్రి మొండితనం ఉంటుంది. ముప్ఫై రెండేళ్ల మనిషి అంటే నమ్మబుద్ధి కాదు.

ఇక్కడ ప్రతి సీజన్ డిసెంబర్ 7న మొదలవుతుంది. ఆ రాత్రి పాడటమంటే ఇటలీలో గాయకుడికి అంతకంటే గౌరవం లేదు. 1957, 1960, 1961, 1962, నాలుగు డిసెంబర్ 7లకు ఆయన ఈ స్టేజీ మీదే ఉన్నాడు. ఇటాలియన్లు ఆయన గొంతుని కంచు, మఖమల్ కలిసిన గొంతు అంటారు. మనం కంచు కంఠం అని ఎలా అంటామో వాళ్లూ అలాగే అన్నారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

సాయంత్రం మెట్రోలో పియాజ్జా బువొనరోతీకి వెళ్లాను. వయసు మళ్లిన సంగీతకారుల కోసం వెర్ది కట్టించిన ఇల్లు అక్కడ ఉంది. ఇప్పటికీ వాళ్లు అందులో ఉంటున్నారు. వెర్ది సమాధి కూడా ఆ ప్రాంగణంలోనే. దండం పెట్టుకుని వచ్చేశాను.

రెండో రోజు, సిర్మియోనె

మిలాన్ నుంచి రైల్లో దెసెంజానో, అక్కడి నుంచి బస్సు. గార్దా సరస్సులోకి వేలు చాపినట్టు సన్నగా పొడుచుకు వచ్చిన నేల మీద సిర్మియోనె ఉంటుంది. ఊరి మొదట్లోనే కోట, చుట్టూ నీళ్లు, గోడల కింద బాతులు. అక్టోబర్ చివరి వారం కాబట్టి జనం తగ్గారు. ఐస్‌క్రీమ్ కొట్లు సగం మూసేసి ఉన్నాయి.

బస్తియానీని 1967 జనవరి 25న ఈ ఊళ్లో చనిపోయాడు. నలభై నాలుగేళ్లు. గొంతు క్యాన్సర్.

మిలాన్ చూశాక, ఇక్కడి నుంచి వెనక్కి, ఆయన పుట్టిన ఊరికి వెళ్లాలని ముందే అనుకున్నాను. చావు దగ్గర ముగించడం నాకు ఇష్టం లేదు.

ఈ ఊరు ఇంకో సంగతికి కూడా పేరు పొందింది. సరస్సు అడుగు నుంచి గంధకం కలిసిన వేడినీళ్లు ఊరతాయి. ముక్కు, చెవి, గొంతు జబ్బుల వాళ్లు ఆ ఆవిరి పట్టడానికి దూరదూరాల నుంచి వస్తారు. నేను బస చేసిన చోట పొద్దున టిఫిన్ దగ్గర ఒక పెద్దావిడ మెడకి స్కార్ఫ్ చుట్టుకుని, ఆవిరి పట్టే అపాయింట్‌మెంట్ చీటీ ప్లేటు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ స్కార్ఫ్ చూడగానే నాకు నాన్న గుర్తొచ్చారు.

నాన్నది తెనాలి దగ్గర పల్లెటూరు. పగలు హైస్కూల్లో తెలుగు మాస్టారు, రాత్రి పూట నాటకం. పదమూడేళ్ల కింద గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. మూడు నెలలైనా తగ్గకపోతే పరీక్ష చేయిస్తే స్వరపేటికలో క్యాన్సర్ అన్నారు. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, గొంతు పోతుంది అన్నారు. నాన్న ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజు పొద్దున మమ్మల్ని అందరినీ కూర్చోబెట్టి నాలుగు పద్యాలు పాడారు, ఆ బొంగురు గొంతుతోనే. తర్వాత ఆసుపత్రికి బయలుదేరదీశారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం, దాని ద్వారానే ఊపిరి. ఎప్పుడూ పలుచని తెల్ల గుడ్డ అడ్డంగా కట్టుకుంటారు. మాట్లాడాలంటే పలక. ఫోన్‌లో టైప్ చేయడం నేర్పాం కానీ, మాస్టారికి చేతిలో బలపం ఉంటేనే తోస్తుంది.

బస్తియానీనికి 1962 నవంబర్‌లో జబ్బు బయటపడింది. అదే ఏడు తల్లి కూడా క్యాన్సర్‌తో పోయింది. తండ్రి అనే మనిషి మొదటి నుంచీ లేడు. ఆపరేషన్ చేస్తే పాట ఉండదని తెలిసి ఆయన వద్దన్నాడు. 1963 మొదట్లో స్విట్జర్లాండ్ వెళ్లి రేడియేషన్ చేయించుకుని వచ్చి మళ్లీ స్టేజీ ఎక్కాడు. సంగతి దాదాపు ఎవరికీ చెప్పలేదు. పక్కన నిలబడి పాడేవాళ్లకి తెలియదు. పత్రికల వాళ్లకి తెలియదు. గొంతు రోజుకొక రకంగా ఉండటం మొదలైంది. పై స్వరాలు బిగుసుకుపోయాయి. బాగా పాడటం లేదని రాశారు. ఆయన జవాబు చెప్పలేదు.

మొదటిసారి ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న చేసిందే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఇంకో వందసార్లు అడిగినా అదే చెబుతాను. కానీ ఆ నాలుగు పద్యాలు విన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి బస్తియానీనిది తప్పు అనడానికి నాకు నోరు రాదు.

సాయంత్రం ఊరి చివర రోమన్ల కాలపు శిథిలాల దాకా నడిచాను. దారంతా ఆలివ్ చెట్లు. దారిలో ఒక పార్కుకి మరియా కలాస్ పేరు పెట్టారు. ఆమెకూ ఈ ఊళ్లో ఇల్లు ఉండేది. శిథిలాల అంచున రాతి మీద కూర్చుంటే మూడు వైపులా నీళ్లే. జనవరిలో ఇంకా చల్లగా, ఇంకా నిశ్శబ్దంగా ఉండి ఉంటుంది.

మూడో రోజు, రైళ్లు

వెరోనా మీదుగా బొలోన్యా, అక్కడ బండి మారి రవెన్నా. బొలోన్యాలో ప్లాట్‌ఫారం మార్చినట్టు మైకులో చెప్పారు, నాకు అర్థం కాలేదు. నేను బోర్డు చూసి పరిగెత్తేసరికి రైలు కదిలిపోయింది. తర్వాతి బండి వచ్చేదాకా ఒకటే టెన్షన్. రాత్రి తొమ్మిదిన్నరకి రవెన్నా చేరాను. ఆ వేళకి దొరికింది పిజ్జా ముక్క ఒక్కటే.

నాలుగో రోజు, రవెన్నా

1944 డిసెంబర్ 4న జర్మన్ సైన్యం చేతుల్లోంచి ఈ ఊరు బయటపడింది. ఆ తర్వాతి ఏడే, 1945లో, ఇరవై మూడేళ్ల బస్తియానీని ఈ ఊళ్లో మొదటిసారి ఆపెరా వేషం కట్టాడు. ఊళ్లన్నీ దెబ్బతిని, తిండికి లైన్లు కట్టే రోజులు. అయినా థియేటర్ తెరిచారు, పుచ్చీని 'లా బొహేమ్' ఆడారు.

ఇక్కడ అందరూ మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన బొమ్మలు, చూడటానికి వస్తారు. నేనూ చూశాను, పచ్చని గడ్డి మీద నిలబడ్డ గొర్రెల్ని చాలాసేపు చూశాను. కవి దాంతె సమాధి ముందు స్కూలు పిల్లలు బారులు తీరి ఉన్నారు. కానీ నా మనసంతా ఆ మొదటి వేషం మీదే.

అది బారిటోన్ వేషం కాదు, బాస్ వేషం. కొల్లీనె అనే పేద తత్వవేత్త. నాలుగో అంకంలో స్నేహితుడి ప్రియురాలు క్షయతో చనిపోతుంటే, మందు కోసం తన పాత కోటు అమ్మడానికి బయలుదేరుతాడు. బయలుదేరే ముందు ఆ కోటుకి వీడ్కోలు చెబుతూ రెండు నిమిషాల పాట. పెద్ద విన్యాసాలు లేవు, అరుపులు లేవు. మంద్రంలో, మాట్లాడుతున్నట్టే సాగుతుంది.

బస్తియానీని ఆరేళ్లు బాస్‌గానే పాడాడు. పేరు రాలేదని కాదు, లా స్కాలాలో కూడా పాడాడు. కానీ కింది స్వరాల్లో ఉండాల్సినంత నిండుదనం లేదు, పైన మాత్రం ఇంకా పాడని జాగా ఏదో మిగిలి ఉంది. గురువు సలహాతో 1951లో అన్నీ ఆపేశాడు. ఏడు నెలలు పై స్థాయి సాధన చేసి, 1952 జనవరిలో సొంత ఊరు సియెనాలో బారిటోన్‌గా నిలబడ్డాడు. 'లా త్రవియాతా'లో తండ్రి వేషమే. అంతగా మెప్పు రాలేదు. మళ్లీ కొన్ని వారాలు తలుపులు వేసుకుని సాధన చేశాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1953 డిసెంబర్‌లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో అదే వేషం కట్టాడు.

ఒకటో శ్రుతిలో పాడే మనిషి ఆరేళ్ల తర్వాత నాలుగు శ్రుతికి మారినట్టు కాదు ఇది. గొంతులో ఏ గది ఎక్కడుందో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. పైకి వెళ్లినప్పుడు కింద సంపాదించుకున్న నలుపు పోకూడదు. ఆయనకి అది పోలేదు. ఆ కంచులోని బరువంతా ఈ ఆరేళ్ల బాస్ పాటదే అని నా నమ్మకం.

ఐదో రోజు, ఫ్లారెన్స్

మధ్యాహ్నానికి చేరాను, ఒక్క పూటే ఉన్నాను. మ్యూజియంల దగ్గర లైన్లు చూసి పక్కకి తప్పుకుని వియా దెల్లా పెర్గోలాకి వెళ్లాను. ఆ వీధిలోని థియేటర్‌లోనే 1847లో వెర్ది 'మక్బెత్' మొదటిసారి ఆడారు. ఆ వేషం కట్టిన బారిటోన్ పేరు ఫెలీచె వరేసి. 'రిగొలెత్తొ' మొదటగా పాడిందీ ఆయనే, 'లా త్రవియాతా'లో తండ్రి వేషం మొదటగా కట్టిందీ ఆయనే. బస్తియానీని పాడిన వేషాలకి మూల పురుషుడు. వీధి సన్నగా ఉంది, థియేటర్ బయటికి మామూలు ఇల్లులా ఉంది. లోపలికి వెళ్లడం కుదరలేదు.

1953లో రష్యన్ సంగీతకర్త ప్రొకోఫియెవ్ 'యుద్ధమూ శాంతీ' ఆపెరాని పశ్చిమ ఐరోపాలో తొలిసారి ఆడింది ఈ ఊళ్లోనే. అందులో ఆంద్రేయ్ రాకుమారుడు బస్తియానీని. అది ఆడిన తెయాత్రొ కొమునాలె మూతపడింది. ఆ జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.

ఆరో రోజు, సియెనా

ఫ్లారెన్స్ నుంచి బస్సులో గంటా పావు. కొండల మీద సైప్రస్ చెట్లు, దున్ని వదిలేసిన మట్టి. ఊళ్లోకి రాగానే బండ్లు ఉండవు, ఇటుక రంగు గోడల మధ్య ఎక్కడం, దిగడం.

ఇది వాడల ఊరు. మొత్తం పదిహేడు. ఒక్కోదానికీ ఒక గుర్తు: ముళ్లపంది, నత్త, తాబేలు, గద్ద, బాతు, చిరుత. ఒక్కోదానికీ సొంత జెండా, చర్చి, మ్యూజియం, నీళ్ల ఫౌంటెన్. బిడ్డ పుడితే చర్చిలో ఒక బాప్తిస్మం, వాడ ఫౌంటెన్ దగ్గర ఇంకొకటి. ఏటా జులై 2న, ఆగస్టు 16న ఊరి నడిబొడ్డున మైదానంలో మట్టి పరిచి గుర్రప్పందెం పెడతారు. పేరు పాలియో. పదిహేడులో పదింటికే అవకాశం. జీను లేని గుర్రాల మీద మూడు చుట్లు, నిమిషంన్నరలో అయిపోతుంది. గెలిచిన వాడకి ఇచ్చేది డబ్బు కాదు, బొమ్మ గీసిన ఒక పట్టు జెండా. దాని కోసం ఏడాదంతా బతుకుతారు.

బస్తియానీని 1922 సెప్టెంబర్ 24న ఇక్కడ పుట్టాడు. చిరుత వాడ మనిషి. కుర్రాడిగా బేకరీలో పనికి కుదిరితే, పని చేస్తూ పాడుకునే పాట విని ఆ యజమానే సంగీతం వైపు తోశాడంటారు. ప్రపంచమంతా తిరుగుతూ పేరు తెచ్చుకున్నాక కూడా వాడని వదల్లేదు. వాడ వాళ్లు ఆయన్ని కెప్టెన్ చేశారు.

కెప్టెన్ పని ఏంటో తెలుసుకున్నాక నేను కాసేపు కదల్లేకపోయాను. ఏ రౌతుని మాట్లాడుకోవాలి, ఏ వాడతో లోపాయికారీ ఒప్పందం చేసుకోవాలి, ఎవరికి ఎంత ముట్టజెప్పాలి, అన్నీ కెప్టెన్ కడుపులోనే ఉండాలి. గుట్టు దాచడమే ఆ ఉద్యోగం. 1963 జులై 2న చిరుత వాడ గెలిచింది. రేడియేషన్ అయి కొన్ని నెలలే అయింది. వాడంతా వీధుల్లో గంతులేస్తుంటే, జెండా పట్టుకుని ఏడుస్తుంటే, మధ్యలో కెప్టెన్. ఆయన గొంతులో ఏముందో ఆ జనంలో ఎంతమందికి తెలుసు? ఆ శరదృతువులోనే జపాన్ వెళ్లి 'ఇల్ త్రొవతోరె' పాడాడు. టోక్యోలో తీసిన వీడియో ఉంది, చూస్తే జబ్బు మనిషి అని ఎవరూ అనుకోరు.

వియా సాన్ క్విరీకోలో చిరుత వాడ ఇల్లు. మ్యూజియం చూడాలంటే ముందుగా రాయాలట, నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. గుమ్మం దగ్గర పెద్దాయన ఒకరు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోన్‌లో బస్తియానీని ఫొటో చూపించాను. చేత్తో ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, "కపితానో" అన్నారు. గాయకుడు కదా అన్నట్టు నేను గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన తల ఊపి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ అదే మాట అన్నారు.

ఏడో రోజు, సియెనా

పొద్దున పూలకొట్టుకి వెళ్లాను. నవంబర్ 2 వీళ్లకి పితృదేవతల రోజు, ముందు వారం నుంచే సమాధులకి పూలు పెడతారు. కొట్టు నిండా చామంతులే. ఇక్కడ చామంతి చనిపోయినవాళ్ల పువ్వు. మా ఇంట్లో అమ్మ తల్లో పెట్టుకునే పువ్వు. పసుపువి ఒక గుత్తి తీసుకున్నాను.

చిరుత వాడ చివర నుంచి వాలుగా దిగితే లతెరీనో శ్మశానం. ఊరంతా కనబడుతుంది. ఆయన ఆఖరిసారి స్టేజీ ఎక్కింది 1965 డిసెంబర్ 11న, న్యూయార్క్‌లో. వేషం 'దొన్ కార్లో'లో రొద్రీగో, స్నేహితుణ్ని కాపాడటానికి తానే నేరం మీద వేసుకుని తూటా తిని చనిపోయేవాడు. ఆ తర్వాత పదమూడు నెలలు బతికాడు. పూలు పెట్టాను. పక్కన ఒకావిడ వేరే సమాధి కడుగుతూ, మిగిలిన నీళ్ల బకెట్ నా వైపు జరిపింది. రాతి మీద పడ్డ ఎండుటాకులు తీసి, తడి గుడ్డతో తుడిచాను.

సాయంత్రం అయిదింటికి చిరుత వాడ ఫౌంటెన్ దగ్గర, పియాజ్జా దెల్ కొంతెలో కూర్చున్నాను. పన్నెండేళ్ల కుర్రాడొకడు గోడ వైపు తిరిగి డోలు సాధన చేస్తున్నాడు. ఒకే దరువు, తప్పినప్పుడల్లా మొదటి నుంచి. ఇంటికి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ ఫోన్ నాన్న ముందు నిలబెట్టింది.

ముందే పంపిన పాట పెట్టమన్నాను. 1961లో మిలాన్‌లో చేసిన 'దొన్ కార్లో' రికార్డింగ్, జైలు గదిలో రొద్రీగో పాట. నాన్న కళ్లు మూసుకున్నారు. మెడ దగ్గర గుడ్డ లోపలికి, బయటికి కదులుతోంది. పాట అయ్యాక పలక తీసుకుని రాసి చూపించారు.

"ఊపిరి ఎక్కడ తీశాడు?"

నేనెప్పుడూ గమనించలేదు. మళ్లీ పెట్టమన్నాను. ఈసారి నాన్న వేలితో మోకాలి మీద తాళం వేస్తూ విన్నారు. అయ్యాక తల అడ్డంగా ఊపారు, దొరకలేదని. అమ్మ అడక్కుండానే మూడోసారి పెట్టింది. రెండో చరణం మొదట్లో నాన్న తాళం ఆపి, చూపుడు వేలు పైకెత్తి, అక్కడ, అన్నట్టు గాలిలో ఒక చుక్క పెట్టారు.